పొయ్యి వెలిగించరాదన్న షరతు రద్దు

విశాఖపట్నం కూర్మన్నపాలెంలో కాపురముంటున్న, కీర్తిశేషులు ముమ్మన సన్యాసిరావు గారి కుమారుడు, ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన ముమ్మన గురునాథరావు అను నేను, వయసు అరవై ఎనిమిది, ఎవరి బలవంతమూ లేకుండా, స్థిరమైన బుద్ధితో రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉంది. కుదురే లేదు. ఈ నాలుగు లైన్లు రాయడానికి మూడుసార్లు లేచి గేటుదాకా వెళ్లొచ్చాను. ఎల్లుండి మంగళవారం నాకు గుండె ఆపరేషన్.

పదకొండేళ్లుగా నేను నిప్పు తగిలిన తిండి ముట్టలేదు. నానబెట్టిన పల్లీలు, మొలకలు, కొబ్బరి, పళ్లు, ఆకులు, అంతే. మా నాన్న యాభై ఎనిమిదో ఏట అన్నం ముందు కూర్చుని గుండె ఆగి పోయాడు. నాకు యాభై ఏడు నిండిన ఏడు హుద్‌హుద్ తుపాను వచ్చింది. వారం రోజులు కరెంటు లేదు, గ్యాసు బండి రాలేదు. కూలిన చెట్ల కొబ్బరికాయలూ నానిన పల్లీలూ తిని గడిపాం. ఒళ్లు తేలికైంది. పాతికేళ్లు కోక్ ఓవెన్ల సెగలో మాడినవాణ్ణి, ఇక నిప్పుతో నాకు పని లేదనుకున్నాను. కరెంటు రాగానే ఊరంతా మామూలైపోయింది, నేను అవలేదు. నూరేళ్లు బతికి చూపిస్తానని అందరి దగ్గరా బీరాలు పలికాను. మొన్న డాక్టరు, రక్తనాళాలు మూసుకుపోయాయి, ఇది మీ నాన్నగారి నుంచి వచ్చింది అన్నాడు. మరి నా తిండి వల్ల ఇన్నాళ్లూ ఆగిందా అని అడిగాను. ఆగి ఉండొచ్చు, చెప్పలేం అన్నాడు. ఆ "చెప్పలేం" పట్టుకుని వారం నుంచి ఇల్లంతా తిరుగుతున్నాను.

ఒకటి. ఇంతకుముందు రాసిన వీలునామా రద్దు. ముఖ్యంగా అందులోని తొమ్మిదో షరతు. అది నా చేత రాయించినవాడు శ్రీనివాసరావు, నేను అధ్యక్షుడిగా ఉన్న "నిప్పులేని తిండి మిత్రమండలి"కి కార్యదర్శి. నా కర్మకాండలో ఎక్కడా పొయ్యి వెలిగించరాదు, వచ్చినవాళ్లకు మొలకలే పెట్టాలి, మూడో రోజు పిట్టకు పెట్టేది కూడా పచ్చిదే అయి ఉండాలి అన్నది ఆ షరతు. అధ్యక్షుడి కర్మకి అన్నం ఉడికితే మండలి పరువు పోతుందట. పోతే పోనీ. ఎందుకు రద్దు చేస్తున్నానో ఏడో అంశంలో చెబుతాను. ఇప్పుడే చెబితే మిగతావి రాయలేను.

రెండు. ఇల్లు, ఇంట్లోని సామాను, బ్యాంకులో ఉన్నది, అన్నీ నా భార్య రామలక్ష్మమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఎవరూ అడ్డు చెప్పరాదు. పోపు వాసనకు నా నిష్ఠ చెడుతోందని ఆమె పొయ్యిని పెరటి సందులోకి గెంటినవాణ్ణి నేను. ఒక్క మనిషికి వండుకుని, ఆ సందులోనే పీట మీద కూర్చుని తినేది. ఒక వానాకాలం నెత్తిన గోనెపట్టా కప్పుకుని పప్పుకు తాలింపు పెట్టుకోవడం కిటికీలోంచి చూశాను. చూసి, కిటికీ మూసేశాను. సిగ్గులేని మనిషిని. ఆ పొయ్యి తిరిగి వంటింట్లోకి రావాలి. ఇందుకు నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. నాతో ఓవెన్ల దగ్గర పనిచేసిన పక్కింటి అబ్బులు పొద్దున్నే వచ్చి, పొయ్యీ సిలిండరూ లోపలికి చేర్చి వెళ్లాడు.

మూడు. సబ్బవరం దగ్గర ఇరవై సెంట్ల జాగా, అందులోని ఆరు కొబ్బరిచెట్లు, ఒక జామచెట్టు, నా ఒక్కగానొక్క కూతురు హేమశ్రీకి. అమ్మా, నీ పెళ్లి భోజనాల్లో నేను విస్తరి ముందు కూర్చుని కీరా ముక్కలు నమిలాను. పెళ్లికూతురి తండ్రి అలిగాడనుకుని మీ మామగారు కూడా కలిపిన అన్నం వదిలి లేచిపోయారు. బంతి బంతంతా చేతులు పైకెత్తి కూర్చుంది. నువ్వు పట్టుచీరతో పరుగెత్తుకొచ్చి, "నాన్నా, ఒక్క ముద్ద తినీ, నా కోసం" అన్నావు. తినలేదు. ఆ వీడియో నేనింతవరకూ చూడలేదు, చూడలేను. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా నీదే. రుషికొండ ఆఫీసులో సెలవు దొరకలేదన్న సాకు చెల్లదు.

నాలుగు. రామలక్ష్మమ్మ తమ్ముడు అప్పలరాజుకు నా స్కూటరు. వెనక రెండు చిన్న చక్రాలు అమర్చి మరీ ఇవ్వాలి. వాడికి ఎడమ పాదం లేదు. షుగరున్నవాడు, నా మాట విని మొలకలు తింటూ మాత్రలు మానేశాడు. మానెయ్ అన్నది నేనే. మైకు పట్టుకుని అన్నాను, జనం చప్పట్లు కూడా కొట్టారు. వేలు నల్లబడితే నాకు చెప్పలేదు, బావకి నామోషీ అవుతుందని. ఆసుపత్రిలో వాడి చెయ్యి పట్టుకుని క్షమించమంటే, "బావా, నువ్వు సెప్పేవు, నాను మానీసేను. నానేటి సిన్నపిల్లోడినా?" అని నవ్వాడు. తిట్టినా బాగుండేది. ఒక షరతు: రోజూ మాత్ర వేసుకుంటేనే బండి వాడిది. మానితే రామలక్ష్మమ్మ తాళం లాక్కోవచ్చు.

ఐదు. మిత్రమండలికి నా గాజు సీసాలు, మొలకల గుడ్డలు, జ్యూసు మిషను, నోటుపుస్తకాలు. పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసినది చదివాకే మిగతాది తెరవాలి. డాక్టరిచ్చిన మాత్రను ఎవరూ ఎవరి మాటా విని మానకూడదని అక్కడ రాశాను. పచ్చితిండి చెడ్డదని నేననను. నా మోకాళ్ల నొప్పులు పోయాయి, అబద్ధమెందుకు? ఉడికింది తినేవాళ్లను పురుగుల్లా చూడటం చెడ్డది, అది నేను శుభ్రంగా చేశాను. శ్రీనివాసరావుకు విడిగా ఏమీ లేదు. గాజువాక జంక్షన్లో బండి దగ్గర గోడవైపు తిరిగి నువ్వు మిరపకాయ బజ్జీలు తింటున్న రోజు నేను బస్సులో ఉన్నాను బాబూ. మూడేళ్లు కడుపులో పెట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు.

ఆరు. వన్‌టౌన్‌లో పళ్ల దుకాణం షానవాజ్ పదకొండేళ్లు నాకు పళ్లు ఏరి పెట్టాడు. రంజాన్‌కి వాళ్లింటి నుంచి వచ్చిన సేమ్యా గిన్నెను, వండిందని తిప్పి పంపాను. మనసులో పెట్టుకోకుండా మరుసటి ఏడు నుంచి ఖర్జూరాలు నానబెట్టి పంపాడు. అతనికి నా గోడ గడియారం రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి ఏమీ రాయకపోవడమే మంచిదని వకీలు అన్నాడు. అందుకని నిన్ననే చేతికిచ్చేశాను. "పది నిమిసాలు ఎనక నడుత్తంది గురువుగారూ" అని సాయంత్రానికల్లా ఫోన్ చేశాడు. ముల్లు తిప్పుకోవయ్యా అన్నాను.

ఏడు. పిట్ట సంగతి. మా నాన్న పోయిన మూడో రోజు అన్నం, పప్పు, గారెలు ఆకులో పెట్టి గోడ మీద ఉంచాం. కాకులు కూర్చుని చూశాయే గాని ఒక్కటీ దిగలేదు. పోయినవాడికి తీరని కోరికేదో ఉండిపోయిందన్నారు. ఎవరెన్ని మొక్కులు మొక్కినా దిగలేదు. మా అమ్మ లోపలికెళ్లి ఎండు నెత్తళ్ల చేపలు వేయించి తెచ్చి ఆకు అంచున పెట్టింది. ఆమె చెయ్యి తీసీ తీయకముందే కాకి ముట్టింది. నాన్న ఆఖరిపూట అవే అడిగాడట. ఒంటికి మంచిది కాదని అమ్మ పెట్టలేదట. బతికున్నన్నాళ్లూ అమ్మ ఆ మాటే చెప్పుకుని ఏడ్చింది.

నా పాత వీలునామాలోని తొమ్మిదో షరతు మొన్న రామలక్ష్మమ్మ కంటపడింది. రెండుసార్లు చదివింది. కాగితం మడిచి నా చేతికిస్తూ, "బతికున్నన్నాళ్లూ వండనివ్వనేదు. సచ్చిపోనాకైనా వండనివ్వరేటి?" అంది. అరవలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, అక్కడితో అయిపోయేది. ఆమె చేతి కోనాం చేపల పులుసంటే నాకు ప్రాణం. పదకొండేళ్లుగా ఆమె ఇంటికి కోనాం తేలేదు. ఆ పులుసు వండే మట్టిదాక అటక మీద బోర్లించి ఉంది. నాకు పెట్టకుండా తానొక్కతీ తినలేక మానేసిందని నాకు తెలుసు. తెలిసి కూడా అడగలేదు. నిప్పును వదిలానని ఊరంతా చెప్పుకున్నాను, వదిలింది ఈ మనిషి చేతి ముద్దని.

కాబట్టి నేను పోతే నా ఇంట్లో పొయ్యి వెలగాలి. మూడో రోజు రామలక్ష్మమ్మ తన దాకలో, తన చేత్తో కోనాం పులుసు వండి పిట్టకు పెట్టాలి. మొలకల గిన్నె పట్టుకుని ఎవరొచ్చినా గేటు బయటే ఆపాలి.

ఎనిమిది. పై అంశం రాసి, చదువుకుని, లేచి వరండాలో ఇరవైసార్లు తిరిగాను. మంగళవారం ఏమవుతుందో ఎవడికి తెలుసు? పదకొండేళ్లు నేను నోరు కట్టుకున్న పులుసు ఎక్కడిదో ఒక కాకి తిని, ముక్కు గోడకు రాసుకుని ఎగిరిపోతుంది. ఒళ్లు మండిపోయింది. వంటింటి గుమ్మం దగ్గరకెళ్లి ఆమెను అడిగాను. ఎలా అడిగానో రాయను. రామలక్ష్మమ్మ నావైపు చూడకుండా, "కార్తీకం మొన్న గురువారంతో ఎల్లిపోనాది గదా" అని, అబ్బులును ఫిషింగ్ హార్బరుకు పంపింది. ఆమె అటక మీంచి దాక దించుతుంటే స్టూలు కదలకుండా నేను పట్టుకున్నాను. ఆమె దాక కడుగుతుంటే నేనొచ్చి మళ్లీ ఈ కాగితం ముందు కూర్చున్నాను.

అందుచేత ఏడో అంశం అలాగే ఉంటుంది గాని, కాకిది రెండో బంతి. మొదటి బంతి నాది. ఇంతటితో ముగిస్తున్నాను, చింతపండు ఉడుకుతున్న వాసన వస్తోంది.

విశాఖపట్నం, 23-11-2025, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు.

(సంతకం) ముమ్మన గురునాథరావు

సాక్షులు:
1. షేక్ షానవాజ్, పళ్ల వ్యాపారి, వన్‌టౌన్
2. బొద్దపు అబ్బులు, రిటైర్డ్ ఉద్యోగి, కూర్మన్నపాలెం

సాక్షుల ధ్రువీకరణ: ఈ పత్రంలో కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవు. సంతకం పక్కనున్న పసుపు మరక పులుసుది. గురునాథరావు గారు అన్నం మధ్యలో ఎడంచేత్తో కాగితం పట్టుకుని, కుడిచెయ్యి కడుక్కోకుండానే మా ఎదుట సంతకం చేశారు. ఆ సమయంలో ఆయన భార్య రామలక్ష్మమ్మ గారు ఆయన పక్కనే కూర్చుని తింటున్నారు.