నీ స్కోరు కొట్టేసిన పెద్దమనిషి

శారదా,

ఈరోజు మన లాస్ ఏంజెలిస్‌లో జరుగుతున్న 1984 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ పిస్టల్ పోటీ చూసి వచ్చాను. ఆడవాళ్ళకంటూ విడిగా ఈ పోటీ పెట్టడం ఇదే మొదటిసారి. నువ్వు పోయి రెండేళ్ళయింది. ఉండుంటే తెల్లారకముందే నన్ను లేపి బయల్దేరదీసేదానివి.

నా పక్క సీట్లో మన షూటింగ్ క్లబ్ సెక్రటరీ కూర్చున్నాడు. "లేడీస్‌కి ఛాన్స్ ఇవ్వాలని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను," అంటున్నాడు తన స్నేహితుడితో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళ కిందట క్లబ్ పోటీలో నువ్వు మగవాళ్ళందరినీ దాటేస్తే, "ఇది మెన్స్ మ్యాచ్, మేడమ్ సరదాగా షూట్ చేశారంతే," అని నీ స్కోరు లిస్టులోంచి కొట్టేసింది ఈ పెద్దమనిషే! నీ తర్వాత నిలిచిన నాకు కప్పు ఇచ్చాడు. నేను పుచ్చుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో నువ్వు, "కప్పుతో మీ ఫొటో బాగా వచ్చుంటుందండీ," అన్నావు, అంతే.

అంతలో అతను నా భుజం తట్టి, "ఈయన మా పాత ఛాంపియన్," అని స్నేహితుడికి పరిచయం చేశాడు.

"కాదు. గెలిచింది నా భార్య. ఆవిడ స్కోరు మీరు కొట్టేశారు," అన్నాను. నేను గట్టిగా అనేసరికి ముందు కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అతని మొహం ఎర్రబడింది.

"మరి ఆ రోజు కప్పెందుకు తీసుకున్నావు?" అన్నాడు.

ఇంటికొచ్చాక కూడా అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను, శారదా. కానీ ఆ ప్రశ్న నువ్వు ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. అడిగి ఉండాల్సింది.