మేనత్తల వైపు

ఆగిరిపల్లి

చి.సౌ. నిఖితకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్నా నేనూ కులాసా. నువ్వూ అల్లుడుగారూ హైదరాబాదులో కులాసాగా ఉన్నారని తలుస్తాను. చీర పార్సిల్లో నువ్వు పెట్టిన ఉత్తరం అందింది. ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వొచ్చింది గానీ, అదే మంచిదైంది. ఫోనైతే నాన్న స్పీకర్ పెట్టమంటారు. కొన్ని మాటలు అలా చెప్పలేను.

ఆపరేషన్ చేసిన వైపు చెయ్యి వాపు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. బుట్టలు మోయడం లేదు, ఒట్టు. తోట సంగతంటావా, తేనెమంచు పురుగు పట్టి బంగినపల్లి పూత సగం పోయింది. రసాలు ఫరవాలేదు. కాపు కొన్న విస్సన్నపేట షావుకారు చెట్టు చెట్టుకీ నిట్టూరుస్తూ తిరిగి, కాఫీ మాత్రం రెండుసార్లు తాగి వెళ్ళాడు.

ఇక నువ్వడిగిన పరీక్ష. ఈ కేన్సరు వంశంలో ఉందో లేదో తెలియాలంటే ముందు జబ్బు వచ్చిన నా రక్తమే చూడాలట, నీది ఆ తర్వాతట. చదవగానే ఒళ్ళు మండింది. నాకొచ్చింది చాలదా, నీకూ ఉందేమోనని వెతకాలా అనుకున్నాను. కానీ ఆ రోజు నుంచీ ముద్ద దిగలేదు. చివరికి నాన్నకి కళ్ళజోడు మార్పించుకుంటానని చెప్పి, బెజవాడ వెళ్ళి డాక్టర్ లేయాగారిని కలిశాను.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అమ్మా?" అని అడిగారు.

"లేదండీ. మా అమ్మ తొంభై ఏళ్ళు బతికింది. పిన్నులు గుండ్రాళ్ళలా ఉన్నారు."

"నాన్నగారి వైపో?"

"మేనత్తలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు కదండీ. వాళ్ళది వేరే ఇంటిపేరు."

ఆవిడ నవ్వలేదు. "ఇంటిపేరు మారితే రక్తం మారదు కదమ్మా. వాళ్ళకేమైంది?"

ఇద్దరత్తలూ నలభై దాటకుండానే పోయారు. 'గడ్డ లేచి పోయింది' అనేవారు పెద్దవాళ్ళు. ఎక్కడ లేచిందో ఎవరూ అనేవారు కాదు, ఆ మాట పలకడమే సిగ్గు. చిన్నత్త ఎండాకాలంలో కూడా పమిట నిండా కప్పుకుని, నన్ను ఒళ్ళో కూర్చోనిచ్చేది కాదు. నేనంటే ఇష్టం లేదనుకున్నాను. నొప్పి అని ఇప్పుడు తెలుస్తోంది. ఇది మగవాళ్ళ ద్వారా కూడా వస్తుందట. మా నాన్న ఏ జబ్బూ లేకుండా పోయాడు, నాకిచ్చి పోయాడేమో.

నా తమ్ముడికి చెప్పాను. వాడి రక్తం, వాడి కూతురు యశస్విని రక్తం కూడా చూడాల్సి రావచ్చు కదా. వాడేమన్నాడో తెలుసా? "అక్కా, నీకు దండం పెడతాను. పిల్లకి సంబంధం కుదిరేదాకా నోరెత్తకు." పిల్ల కంటే సంబంధం ఎక్కువైందిరా అని గట్టిగానే కేకలేశాను.

ఇంక దాచలేను తల్లీ. బెజవాడ వెళ్ళిన రోజే రక్తం ఇచ్చి వచ్చాను. ఫలితం వచ్చేసింది. నాలో ఆ లోపం ఉంది. నీకు రావడానికీ రాకపోవడానికీ సగానికి సగం అవకాశమట. చెబుదామని రోజూ ఫోన్ పట్టుకుంటాను, నీ గొంతు వినగానే కూర ఏం వండావని అడిగేస్తాను. భయంగా ఉందే నిఖితా. నాకు జబ్బని చెప్పిన నాడు కూడా ఇంత భయం వేయలేదు.

చేయించుకోమంటావా వద్దా అని అడిగావు. చేయించుకో. మా అత్తలకి చెప్పేవాళ్ళు లేకపోయారు. నీలో ఆ లోపం ఉన్నా కూడా ముందే కనిపెట్టి చూసుకునే దారులున్నాయని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. అల్లుడుగారి దగ్గర దాచకు. నాన్నకి ఈ పూటే నేను చెబుతాను. నువ్వు ఏ రోజంటే ఆ రోజు హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

నువ్వు పుట్టినప్పుడు చూడవచ్చిన వాళ్ళంతా అచ్చు అమ్మ పోలికే అంటుంటే మురిసిపోయి, నీకు దిష్టి తీయించాను. ఇప్పుడు దేవుడి ముందు నిలబడి, ఈ ఒక్కదాంట్లో దాన్ని నా కూతుర్ని చేయకు స్వామీ అని ఏడుస్తున్నాను.

ఇట్లు,
నీ కబురు కోసం ఎదురుచూసే
అమ్మ, కమల