బిళ్ళ చెప్పిన మాట

అక్కకు,

ఇక్కడ నేను క్షేమం. నిన్న ఫోన్‌లో గ్యాస్ గీజర్ ముట్టుకోవద్దని అరిచి పెట్టేశాను, హడలిపోయి ఉంటావు. సంగతి చెబుతాను. మా ల్యాబులో చేసిన ఫ్యూయల్ సెల్ ఒక చిన్న పింగాణీ బిళ్ళ. ఎర్రగా కాలే కొలిమిలో ఉండి, తనలో పుట్టే కరెంటును బట్టి పొగలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ఇక్కడి ఫ్యాక్టరీ కొలిమిలో పెడితే మూడు రోజులుగా తక్కువని చూపిస్తుంటే, బిళ్ళే పాడైందనుకుని నాలుగుసార్లు మార్చాను. కొలిమి మేస్త్రి చూసి చూసి, "దాన్ని తిట్టింది చాలు గానీ, ఓసారి గాలి గొట్టం చూడండి సార్" అన్నాడు. గొట్టం నిండా మసి! మంట సరిగా మండక విషవాయువు షెడ్డులోకి వస్తోంది. తలనొప్పి అంటున్న ఇద్దరు పనివాళ్ళను బయటికి పంపి కొలిమి ఆపించాం. ఇద్దరూ ఇప్పుడు కులాసా.

మూసిన గదిలో గాలి చాలకపోతే గీజర్ మంట కూడా అదే విషం కక్కుతుంది. స్నానాల గదిలో తల తిరుగుతోందని నువ్వు రెండుసార్లు చెబితే, నిద్ర చాలక అని కొట్టిపారేసింది నేనే. తప్పయిపోయింది అక్కా. గీజర్ చూడటానికి మెకానిక్ వచ్చాడా? ఆ గది కిటికీకి బావ కొట్టిన అట్ట తీయించు, చలేస్తే వేయనీ. ఈ వారమే డాక్టరుకు చూపించుకో. బావకు నమస్కారాలు, పాపకు ముద్దులు. నీకు ఎలా ఉందో దాచకుండా రాయి. ఈసారి నమ్ముతాను.

నీ తమ్ముడు