ఐదు సీట్ల బండి, ఆరుగురి ఇల్లు

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి సింహాచలానికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. క్షేమం కాకపోతే ఫోను చేసేదాన్ని గాని ఉత్తరం రాసేదాన్ని కాదు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మరదలు పార్వతిని బీపీ మాత్ర మానెయ్యమని ఎవరో సలహా ఇచ్చారట. ఆ ఎవరో కనుక్కుని, పండగ అయ్యేదాకా మన గుమ్మం తొక్కనివ్వకు. పిన్ని అన్నం సరిగ్గా తింటోందా? పళ్ళ సెట్టు పెట్టుకుంటోందా, లేక అటక మీద దాచుకుందా? అన్నీ వివరంగా రాయి.

ఫోనుండగా ఉత్తరమెందుకని నవ్వుతావు. ఫోనుంది. కానీ నా గదిలో సిగ్నలు రాదు, హాల్లోకి వెళ్ళి మాట్లాడాలి. హాల్లో మా వియ్యపురాలు వరహాలమ్మ గారు టీవీ కట్టేసి మరీ కూర్చుంటారు. గోడలకు చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో గోడలకు ఆ శ్రమ లేదు.

నేనిక్కడికి వచ్చి ఏడాది దాటిపోయింది. మీ బావగారు పోయాక, "ఒక్కదానివీ అక్కడేం చేస్తావమ్మా, పిల్లల చదువు చూద్దువుగాని రా" అని సుజాత తీసుకొచ్చింది. బాగానే ఉన్నాను. దిగులు పడకు. పొద్దున్నే మనవరాళ్ళిద్దరికీ క్యారేజీలు సర్దుతాను. సాయంత్రం పెద్దది లాస్యకు లెక్కలు, చిన్నదానికి ఒత్తులు. బడిలో పంతులమ్మగా చేసిన పనే, జీతం ఒక్కటే తక్కువ. ఎండ మాత్రం మన దగ్గర కంటే ఘాటు. అక్కడ సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి వస్తుంది, ఇక్కడ దుమ్ము వస్తుంది. కూరల్లో ఉప్పు తక్కువ, కబుర్లలో కారం ఎక్కువ. పాకెట్టు ఉప్పుతో పెట్టిన ఆవకాయ ఈసారి బూజు పట్టింది. మన నౌపడ మడుల కళ్ళుప్పు ఒక సంచీ తీసిపెట్టు. బాగానే ఉన్నానని చెప్పాను కదా, బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. అల్లుడు కొత్త బండి కొన్నాడని సుజాత నీకు ఫోటో పంపింది కదా. బండికి పూలదండ, దాని ముందు అట్టతో చేసిన పెద్ద తాళంచెవి. ఆ తాళంచెవిని రెండు చేతులా పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నది వరహాలమ్మ గారు. ఎడమ వైపు అంచున ఒక మోచెయ్యి, ఒక చేతిసంచీ కనబడతాయి చూడు. అవి నావి.

అల్లుడు రమణ మంచివాడు, ఆ మాట ముందే రాస్తున్నాను. సాలూరు అవతల కొండల్లో సెల్ టవర్ల పని చూస్తాడు. వానాకాలం అక్కడ మామూలు కార్లు బురదలో దిగబడిపోతాయట. అందుకని ఫోర్ వీల్ డ్రైవ్ కావాలన్నాడు. "నాలుగు చక్రాలు లేని కారు ఎక్కడుంది నాయనా?" అని అడిగాను. "అన్ని కార్లకీ నాలుగే అత్తయ్యా, కానీ ఇంజను తిప్పేది రెంటినే. మిగతా రెండూ ఊరికే దొర్లుతాయి. దీంట్లో మీట తిప్పితే నాలుగూ లాగుతాయి" అని ఓపిగ్గా చెప్పాడు. ఊరికే దొర్లేవాళ్ళు ఇంట్లో ఎవరెవరున్నారో నేను పైకి అనలేదు. ఇప్పటికి ఈ ఊళ్ళో ఆ నాలుగు చక్రాల బలమంతా మా సందు చివరి స్పీడు బ్రేకరు మీదే ఖర్చవుతోంది.

కొనే ముందు చాలా రోజులు అదే చర్చ. చిన్నది కొంటే కొండ ఎక్కదు, పెద్దది కొంటే మా సందు తిరగదు. మధ్యరకానిది చూశారు. అందులో ఏడు సీట్లున్నది ఒకటి వచ్చింది గాని దానికి నాలుగు చక్రాలూ లాగవట. నాలుగూ లాగేదానికి సీట్లు ఐదే. అల్లుడు బుర్ర గోక్కుంటూ కూర్చున్నాడు. అప్పుడు వరహాలమ్మ గారు చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండా తీర్పు చెప్పారు.

"ఏడు సీట్లెందుకొరే? మనం ఐదుగురమే కదా."

నేను అక్కడే ఉన్నాను తమ్ముడూ. ఆవిడతో పాటు అదే చేటలో పీచు తీస్తున్నది నేనే. అల్లుడు, సుజాత, పిల్లలిద్దరు, ఆవిడ. ఐదు. నేను లెక్కలు చెప్పిన మనిషిని, నాకు ఆ కూడిక రావడానికి ఎంతసేపు పడుతుంది? సుజాత అయినా "అమ్మ ఉంది కదా" అనలేదు. వినబడలేదంది తర్వాత. మిక్సీ వేసుకుందట. ఐదు సీట్లది కొన్నారు.

బండి ఇంటికొచ్చాక పోర్టికోలో పట్టలేదు. నా గుమ్మడి వడియాలు ఎండే చోటు దానికిచ్చారు. వారానికి రెండుసార్లు షాంపూతో దాని స్నానం. నాకు వేణ్ణీళ్ళు కావాలంటే మాత్రం గీజరు కరెంటు బిల్లు గుర్తొస్తుంది అందరికీ.

బండిపూజకు అరసవల్లి వెళ్ళారు. అరసవల్లి, తమ్ముడూ. మన జిల్లా సూర్యదేవుడు. నెలనెలా ఒక ఆదివారం ఉపవాసం ఉండేది నేను. బండెక్కింది వరహాలమ్మ గారు. ముందు సీటు కూడా ఆవిడకే, ఎందుకంటే, "నాకు ఎనక కూకుంటే కడుపులో తిప్పేస్తాదొదినా" అన్నారు. నాకు మోకాళ్ళు మడవడం కష్టమని నేనూ అన్నాను. వాంతికున్న విలువ మోకాలికి లేదని ఆ రోజు తెలిసింది. వచ్చేటప్పుడు నాకోసం ప్రసాదం కొంగున కట్టి తెచ్చారు. "నీకోసమనే తెచ్చాను, తిను" అని దగ్గర నిలబడి తినిపించారు. మన ప్రసాదం, మన దేవుడిది, ఆవిడ కొంగులోంచి నాకు. మింగుడు పడలేదంటే నమ్ము.

ఇంకొకటి విను. ఆ బండి ఎత్తు. ఆవిడ పొట్టి. ఎక్కడానికి అడుగుపీట కావాలి. నువ్వు పనస చెక్కతో చేయించి ఇచ్చిన పీట, నేను కూరలు తరిగేటప్పుడు కూర్చునేది, ఇప్పుడు డిక్కీలో ఉంటోంది. ఆవిడ దాని మీద కాలు పెట్టి, అల్లుడి భుజం పట్టుకుని ఎక్కుతారు. నేను నేల మీద కూర్చుని వంకాయలు తరుగుతున్నాను.

కిందటి వారం నువ్వు ఫోను చేసి, మన అమ్మవారి సంబరానికి అందరినీ పిలిచావు చూడు, అప్పటినుంచీ నాకు నిద్ర లేదు. ఎన్నేళ్ళకో ఒకసారి వచ్చే పండగ. ఆడపడుచులందరూ పుట్టింటికి వచ్చే పండగ. నేను ఈ బండిలో మన వీధిలో దిగుతానని, నీ తోటివాళ్ళు "పంతులమ్మ గారి అల్లుడేటి, కొండలెక్కే బండి కొన్నాడేటి" అంటారని, నా మనసులో ఎన్నిసార్లు దిగానో. ఆశకు అద్దె లేదు కదా.

ఆ రాత్రి భోజనాల దగ్గర సుజాతే ఎత్తింది. "బండిలో ఐదుగురికే కదా. మరి అమ్మా, అత్తయ్యా…" అని ఆగిపోయింది. లాస్య, "అమ్మమ్మా, నువ్వు నా ఒళ్ళో కూర్చో" అంది. నా బరువు దానికి తెలియదు. "వెనక నలుగురు సర్దుకుంటే సరిపోదా?" అని అల్లుడు. "బెల్టులేవీ?" అని సుజాత. అప్పుడు వరహాలమ్మ గారు మజ్జిగ పోసుకుంటూ అన్నారు.

"ఒదిన్నే తీసుకెల్లండి. ఆవిడ పుట్టినిల్లు కదా. నాకేటి, నానింటికాడుంటాను. బండి కొన్ననాడే సెప్పాను కదేటి, మనం ఐదుగురమేనని."

అందరూ ఆవిడ మొహంలోకి చూశారు. ఎంత మంచి మనిషి అన్నట్టు. నేను మాత్రం ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మర్నాడు మునగాకు దూస్తుంటే ఉండబట్టక అడిగేశాను. ఆవిడ నన్ను నువ్వంటారు, నేను ఆవిణ్ణి మీరంటాను, అది మొదటినుంచీ ఉన్న ఏర్పాటే.

"ఆ రోజు ఐదుగురం అన్నారు కదా వదినా, ఎవరెవరు?"

"అదేటి అలగ అడుగుతావు?" అని వేళ్ళు మడిచారు. "అబ్బాయి, కోడలు, పిల్లలిద్దరు, నువ్వు. ఐదుగురు కాదేటి?"

"మరి మీరో?"

"నాకు బండి పడదు కదొదినా. బస్సయినా కారయినా వాంతులే. నన్ను నాను లెక్కెట్టుకోనేదు."

"మరి ప్రతిసారీ ఎక్కుతున్నారుగా? ముందు సీట్లో."

"అరసవల్లికి అబ్బాయి బలవంతం సేస్తే ఎక్కినాను. ముందు కూకుంటే వాంతి రానేదు. రానప్పుడు దిగిపోమంటావేటి?" అని, కాసేపు ఆకు దూసి, "ఇన్నాల్లూ ఇదేనేటి నీ మూతి ముడుపు? నానింకా నీకు మలబద్దకం అనుకున్నాను" అన్నారు.

తమ్ముడూ, అసూయ కూడా మనిషికి ఒక ఆధారమే. పొద్దున్నే లేవగానే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఇన్ని నెలలుగా నేను కడుపులో పెట్టుకుని పెంచుకున్నదాన్ని ఆవిడ మునగాకు దూసినంత సుళువుగా దూసేశారు. నిజమే చెప్పారో, అప్పటికప్పుడు అల్లారో నాకు తెలియదు. నాలుగు వేళ్ళూ మడిచాక మిగిలిన బొటనవేలితో నన్ను లెక్కపెట్టారు, అది మాత్రం చూశాను. అయినా, నిజమే అయితే మరీ కష్టం. సీటు విషయంలోనే కాదు, సీటు వదులుకునే విషయంలోనూ ఆవిడే ముందు కూర్చున్నట్టయింది. అల్లుడు తల్లిని చూసి మురిసిపోతున్నాడు. సుజాత, "అత్తయ్య మనసు ఎంత పెద్దదమ్మా" అని నాతోనే అంటోంది. ఇంక ఆ బండిలో, ఆవిడ దయచేసి వదిలిన సీట్లో కూర్చుని, నా పుట్టింటికి నేను రానా? నడిచి అయినా వస్తాను గాని అలా రాను.

నడవక్కర్లేదులే. రైలుంది. సంబరానికి ముందు రోజు పాసింజరెక్కి నౌపడలో దిగుతాను. "అమ్మవారి ఘటం ఎత్తే వేళకు ఇంటి ఆడపడుచు ముందే ఉండాలి, అది ఆచారం" అని సుజాతతో చెప్పాను. ఆచారం నిజమే కనుక అబద్ధం చెప్పిన పాపం లేదు. అల్లుడు బాధపడ్డాడు, "నేనొచ్చి దింపుతాను అత్తయ్యా" అన్నాడు. వద్దన్నాను. వరహాలమ్మ గారు మాత్రం నన్ను అదోలా చూసి, "అయితే నానెల్లాలేటి?" అన్నారు. "తప్పకుండా రావాలి వదినా. మీరు రాకపోతే మా తమ్ముడు నొచ్చుకుంటాడు" అన్నాను. కాబట్టి నువ్వు నొచ్చుకుంటావు, గుర్తుపెట్టుకో. ఆవిడకు నువ్వు విడిగా ఫోను చేసి పిలవాలి. ముందు సీట్లోనే రమ్మని చెప్పు, మన రోడ్డు గతుకులది అని కూడా చెప్పు. అన్నట్టు, ఉప్పు మడుల పక్క దారి ఇంకా అలాగే ఉందా? ఉంటే పండగ అయ్యేదాకా ఎవర్నీ బాగుచెయ్యనివ్వకండి. పాపం అల్లుడికి ఆ మీట తిప్పే అవకాశం ఇంతవరకూ ఇంట్లోవాళ్ళ ముందు రాలేదు.

స్టేషనుకు నువ్వు రావద్దు, ఆ మోకాలితో. ఆటో పంపించు చాలు. నా మీద బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను. ఈ ఉత్తరం అందాక ఫోను చేసి "అందింది" అని మాత్రం అను. ఇంకేమీ అనకు. హాలు సంగతి రాశాను కదా.

పిన్ని పాదాలకు నా నమస్కారాలు చెప్పు. ఈ వయసులో నాకు దీవెన ఇచ్చే పెద్దవాళ్ళు ఆవిడొక్కరే మిగిలారు, వచ్చిన వెంటనే కాళ్ళకు దణ్ణం పెడతాను, ఏదైనా మంచి దీవెన ఆలోచించి ఉంచమను. పార్వతికి, పిల్లలకు నా ఆశీస్సులు.

పార్వతితో ఇంకొక్క మాట చెప్పు. సంబరం నాడు ఆ బండి మన వీధిలోకి వచ్చి ఆగగానే ఊరంతా దాని చుట్టూ చేరతారు. చేరనీ. చక్రాలు చూడనీ, అద్దాలు తట్టి చూడనీ. వచ్చిన చుట్టాలకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వడం పార్వతి అలవాటు, చెంబు పట్టుకుని పరుగెడుతుంది. ఆ పూట పరుగెత్తొద్దను. ఏడాదిగా ఆవిడ గుమ్మంలో నేను చుట్టాన్ని. ఆ రోజు నా గుమ్మంలో ఆవిడ చుట్టం. ఆవిడ ఆ ఎత్తు మీంచి, ముందు సీట్లోంచి, నెమ్మదిగా, ఎవరి భుజమో పట్టుకుని దిగేదాకా నేను మన అరుగు మీద నిలబడి ఉంటాను. తర్వాత ఇత్తడి చెంబు నా చేతులతో ఆవిడ చేతికిచ్చి, "రండి వదినా, కడుపులో తిప్పలేదు కదా" అని అందరికీ వినబడేలా అడుగుతాను.

నీ అక్క,
కామేశ్వరి