కార్డులో నీ పేరు

అమ్మా,

ఈరోజు నీ సంవత్సరికం. మగ్గం ఆపాను. పొద్దున్నే కొత్త ఆరోగ్య కార్డుకు పేర్లు రాసుకునే అమ్మాయి మన వీధికి వచ్చింది. రేషన్ కార్డులో ఉన్నవాళ్లందరికీ వైద్యం ఉచితమట, ప్రీమియం కట్టే పనే లేదట.

చేనేత బీమాకు ప్రీమియం పెంచిన ఏడు, అందరికీ కట్టలేక నేను కిందామీదా పడుతుంటే, రాట్నం మీద నూలు కండెలు చుడుతూ నువ్వే అన్నావు: "నా పేరు తీసెయ్ నాయనా. మగ్గంలో కూర్చునేది నువ్వు. నాకేమయితాది?"

నేను మాటవరసకైనా వద్దనలేదు. పైగా బరువు దిగినట్టయింది. ఆ తర్వాత నీకు ఎదలో నొప్పి వస్తే గ్యాసని వాము నమిలావు. నేనూ గ్యాసే అనుకున్నాను. అలా అనుకోవడానికి ఖర్చు లేదు కదా.

రేషన్ కార్డులో మాత్రం నీ పేరు తీయించలేదు. నీ వంతు బియ్యం ఇంకా తింటూనే ఉన్నాం. ఆ అమ్మాయి కార్డు చూసి నీ పేరు చదివింది.

"ఈమె యాడుండాది?"

నీ కోడలు తల దించుకుంది. కార్డు నకలులో నీ పేరు కొట్టేయడానికి ఆ అమ్మాయి పెన్ను ఆనించింది.

"లోపల కండెలు చుడతాండాది. రాసుకోమ్మా" అన్నాను.

రాట్నం చప్పుడు లేదు. అయినా రాసుకుంది.