బీరువా మీది రజాయి

శ్రీనాథన్నా,

బీరువాకు కప్పిన రజాయిని ఇయ్యాల ఎవ్వరినీ తియ్యనియ్యకు, నీ కాళ్లు మొక్కుత. నిన్న అమ్మ ఎండకేస్తనంటే నువ్వే తీసిచ్చినవు. గిటార్ సప్పుడు బీరువా ఉత్త ఇనుముకు కొట్టుకొని తవా గీకినట్ల అయింది. ఇంకొక్కసారి కీచుమంటే గిటార్ ఆంప్ డబ్బా అమ్మేస్తనని బాపు అన్నడు. దాని మీది ట్రెబుల్ గుండీ తగ్గించి పెట్టిన, ముట్టకు. నీ దోస్తులొచ్చి ఫుల్ తిప్పుతరు, తిట్లు నాకు పడ్తయి. వాయించుకోనీకి నాకు ఇంకో అర్ర లేదు, ఇంకో ఉపాయం తోస్తలేదు. యాకుత్‌పురా ట్రైన్‌కు టైమైంది, పోతున్న, సాయంత్రం వచ్చి వాయించుకుంట.

అభిజ్ఞ

మొన్న రజాయి ఉన్నప్పుడు మెత్తగ మోగింది. బాపు, నేను వాయిస్తుంటే చెవులల్ల పెట్టుకునే దూది తీసి, గడప అవతల నిలబడి విన్నడు. నేను చూసేసరికి మళ్ల పెట్టుకున్నడు.