పల్లీలు గాదు, పొడే

అక్కా, ఈ చీటీ చూడంగనే పిల్లల క్యాంపు సారుకు ఫోన్ చెయ్యి. నీ ఫోన్ చార్జింగ్‌లనే ఉంది. దీప్తికి పల్లీలు పడయని, తింటే గొంతు వాచి ఊపిరాడదని నీ నోటితోని చెప్పు.

పొద్దున పిల్లను క్యాంపుల దింపినప్పుడు నేనే ఆడి వంటామెకు చెప్పిన. "పల్లీలు ఎయ్యను, అన్నా" అన్నది. ఇందాక మళ్ల పోయి గంజు మూత తీసి చూస్తే వంకాయకూర చిక్కగ ఉంది, పల్లి వాసన కొడతాంది. గిదేందమ్మా అంటే "పల్లీలు గాదు, పొడే గదా ఏసిన" అన్నది.

పిల్లను ఇంటికి పంపుమని సారును అడిగిన. ఆయన నవ్విండు. పోయిన ఎండాకాలం అవ్వకు సీరియస్ ఉందని అబద్ధం చెప్పి దీప్తిని సినిమాకు తీస్కపోయిన గదా! "ఈసారి ఏ సినిమా? తల్లి చెప్తెనే పంపుత" అన్నడు. కూర ముట్టకు కోడలా అంటే నీ బిడ్డ గూడ నాకు కన్నుగొట్టింది. అది గూడ ఆటే అనుకుంది.

ఇంటికి ఉరికొచ్చి పిల్లకు పప్పన్నం డబ్బల పెట్టుకున్న. దవాఖానల ఇచ్చిన మందు జేబులేసుకున్న. నువ్వున్న రేషన్ దుకాణంకాడికొచ్చి నిన్ను పిలుద్దమంటే క్యాంపుల అన్నాల టైం అయితాంది. అందుకే మళ్ల ఆడికే పోతున్న. పిల్ల పక్కన కూసుంట, ఎల్లగొట్టినా లెవ్వ. నువ్వు జర జల్ది ఫోన్ చెయ్యి.

నీ తమ్ముడు శ్రీశైలం

చాయ్ పెట్టుకునేముందు చూస్కో. పొద్దున చక్కెర డబ్బల ఉప్పు పోసిన. ఇది గూడ నిజమే.